‘యాప్ పనిచేయట్లేదు’ అంటే సరిపోదు: బగ్ రిపోర్టులు ఏరిపెట్టే స్వచ్ఛంద పని ఏమిటి? అందులో తెలుగువాళ్లు ఎందుకు కావాలి?

గుంటూరులోనో, ఒంగోలులోనో, హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్నారా? అయితే ఊళ్లో నాన్నగారి పత్తికి ఫోన్‌లో స్లాట్ బుక్ చేసే బాధ్యత మీ మీదే పడి ఉంటుంది. 2025-26 సీజన్ నుంచి కొత్తగా వచ్చిన ఇంటిపని ఇది. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ముందు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు చేసుకోవాలని, స్లాట్ తీసుకున్నాకే కొనుగోలు కేంద్రానికి రావాలని భారత పత్తి సంస్థ (సీసీఐ) చెప్పింది. ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. మధ్యస్థ పింజకు రూ.7,710. స్లాట్ దొరకని రైతుకు మిగిలేది బయటి వ్యాపారి, ఆయన చెప్పిన రేటు.

అంటే ఫోన్ తెర మీద ఒక బటన్ పనిచేయకపోతే, ఆ నష్టం క్వింటాళ్ల లెక్కన రైతు మీద పడుతుంది.

అలాంటప్పుడు మనం ఏం చేస్తాం? ప్లే స్టోర్‌లోకి వెళ్లి ఒక్క స్టార్ ఇచ్చి, ‘వరస్ట్ యాప్, వర్క్ అవ్వట్లేదు’ అని రాస్తాం. కోపం న్యాయమైనదే. కానీ ఆ వాక్యం చదివిన ఇంజినీరు చేయగలిగింది ఏమీ లేదు. ఏ ఫోన్? ఏ తెర దగ్గర ఆగింది? ఏ సందేశం వచ్చింది? ఒక్కసారే వచ్చిందా, ప్రతిసారీ వస్తోందా? ఇవేవీ అందులో ఉండవు. వినియోగదారుడి కోపానికీ, ఇంజినీరు చేసే మరమ్మతుకూ మధ్య ఇంకో పని ఉంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఆ పనిని ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తారు. దాన్ని ‘బగ్ ట్రయాజ్’ అంటారు. కోడ్ రాయడం రాకపోయినా చేయొచ్చు. మన ప్రాంతం నుంచి ఈ పని చేసేవాళ్లు ఎందుకు అవసరమో, ప్రభుత్వ యాప్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆ తలుపు ఎందుకు మూసుకుపోతుందో చూద్దాం.

ట్రయాజ్ అంటే ఏమిటి?

మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. అర్థం ఏరడం, వేరుచేయడం. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఒకేసారి పదిమంది వస్తే ఎవరిని ముందు లోపలికి పంపాలో నిర్ణయించడం కూడా ట్రయాజే.

గుంటూరు వాళ్లకు ఇంకా దగ్గరి పోలిక ఉంది. మిరప కల్లంలో రాశి పక్కన కూర్చుని కూలీలు తాలుకాయలు ఏరడం మీరు చూసే ఉంటారు. రంగు పోయినవి ఒక పక్కకు, మచ్చ పడ్డవి ఒక పక్కకు, నాణ్యమైన ఎరుపు ఒక పక్కకు. వాళ్లు పంట పండించలేదు, యార్డులో బేరమూ చేయరు. కానీ ఆ ఏరివేత జరగని సరుకుకు మిర్చి యార్డులో ధర పలకదు. బగ్ రిపోర్టుల పని అచ్చంగా ఇలాంటిదే. ఒక్క తేడా ఉంది: ఇక్కడ ఒక రిపోర్టును ‘తాలు’ అని పక్కన పెడితే, ఎందుకు పెట్టారో అందరికీ కనిపించేలా రాయాలి.

ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్ లోపలి కోడ్ ఎవరైనా చూసేలా, మార్చుకునేలా ఉండటం. మీరు వాడే ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, లిబ్రేఆఫీస్, మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్న లినక్స్ ఇవన్నీ అలాంటివే. కోడ్ లాగే తప్పుల జాబితా కూడా బహిరంగంగా ఉంటుంది. దాన్ని ట్రాకర్ అంటారు. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు, దాని కింద ఒక చర్చ. రాసేవాళ్లు వేలల్లో, సరిచేసేవాళ్లు పదుల్లో. ఒక్కోసారి ఒక్కరే.

ఆ ‘ఒక్కరే’ ఎంత ప్రమాదమో 2024 మార్చి 29న బయటపడింది. లినక్స్ సర్వర్లలో ఎక్కడపడితే అక్కడ ఉండే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో ఎవరో దొంగదారి పెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి, మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వితే అది తేలింది. అసలు కథ అంతకు రెండు మూడేళ్ల ముందే మొదలైంది. ఆ ప్రాజెక్టును దాదాపు ఒంటరిగా మోస్తూ అలసిపోయిన నిర్వాహకుడి దగ్గరికి ‘సాయం చేస్తా’ అంటూ వచ్చిన వ్యక్తే నమ్మకం సంపాదించి ఈ పని చేశాడు. నిజమైన సాయం చేసే చేతులు చుట్టూ పదిమంది ఉంటే అలాంటివాడికి అంత సందు దొరికేది కాదు.

ఒక రిపోర్టు మీ చేతికి వస్తే ఏం చేస్తారు?

లిబ్రేఆఫీస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఎంఎస్ ఆఫీస్‌కు ఉచిత ప్రత్యామ్నాయం ఇది, 2010లో మొదలైంది. దాని ట్రాకర్‌లో ఇలాంటి ఫిర్యాదు వచ్చిందనుకోండి: ‘తెలుగు ఫైల్ తెరిస్తే ఒత్తులు విడిపోతున్నాయి.’ అంతే. ఇంకో ముక్క లేదు.

ముందు పాత జాబితాలో వెతకాలి. ఇదే సంగతి వేరే మాటల్లో ఎవరైనా ఇంతకుముందు రాశారా? ఒకరు ‘ఒత్తులు’ అంటారు, ఇంకొకరు ‘వత్తులు’ అంటారు, మరొకరు ఇంగ్లిషులో ‘అక్షరాలు విరిగిపోతున్నాయి’ అని రాస్తారు. మూడూ ఒకటేనని గుర్తించగలిగేది తెలుగు చదవగలిగిన మనిషే. ఒకటే అయితే కొత్తదాన్ని పాతదానికి ముడిపెట్టి ‘డూప్లికేట్’ అని గుర్తు పెడతారు. డూప్లికేట్ అంటే వ్యర్థం అనుకోకండి. ఒకే బగ్ కింద పదిహేను రిపోర్టులు పోగుపడితే దాని బరువు పెరుగుతుంది, ముందు వరసలోకి వస్తుంది.

పాతది దొరకకపోతే మీ కంప్యూటర్‌లో అదే జరుగుతుందేమో చూడాలి. ఇక్కడే చాలా రిపోర్టులు ఆగిపోతాయి. ఏ ఫైల్? ఏ ఫాంటు? విండోసా, లినక్సా? చెప్పలేదు కాబట్టి మీరు మర్యాదగా అడుగుతారు, రిపోర్టు స్థితిని ‘నీడ్ ఇన్ఫో’గా మారుస్తారు. లిబ్రేఆఫీస్‌లో ఆరు నెలలు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి, ఆ తర్వాత సమాచారం చాలలేదని మూసేస్తారు. కఠినంగా అనిపిస్తుంది గానీ, జవాబు లేని రిపోర్టులు కుప్పగా పేరుకుంటే వాటి కింద నిజమైన బగ్‌లు కప్పడిపోతాయి.

జవాబు వచ్చింది, ఫైల్ పంపారు, మీ దగ్గరా ఒత్తులు విడిపోయాయి. అప్పుడు రిపోర్టు ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ నుంచి ‘న్యూ’కు మారుతుంది. ఫిర్యాదు రాసిన మనిషే దీన్ని మార్చుకోకూడదు, ఇంకొకరు చూసి ధ్రువీకరించాలి. పొలం గట్టు తగాదాలో సాక్షి లాగా అన్నమాట.

ఆ తర్వాతిది అసలైన పనితనం: తగ్గించుకుంటూ పోవడం. నలభై పేజీల ఫైల్‌ను ఒక పేజీకి, పేజీని ఒక వాక్యానికి, వాక్యాన్ని ఒక్క అక్షరానికి. ఫాంటు మారిస్తే పోతోందా? పోతే తప్పు ఫాంటుది కావచ్చు, అప్పుడు రిపోర్టు వేరే ప్రాజెక్టుకు వెళ్లాలి. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో పాడైందా? అయితే ఎక్కడ పాడైందో పట్టుకోవచ్చు. మధ్యలో వెయ్యి మార్పులు జరిగాయనుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తెరిచి చూస్తారు. బాగుంటే తప్పు రెండో సగంలో ఉంది, పాడైతే మొదటి సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే పది సార్లలో దోషి దొరుకుతుంది. లిబ్రేఆఫీస్ ఇందుకోసమే పాత రూపాలన్నిటినీ ఒకచోట కట్టి ఉంచుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయ్యే పని. కానీ ఆ ఒక్క సమాచారం ఇంజినీరుకు రోజుల తవ్వకాన్ని తప్పిస్తుంది.

‘జ్ఞా’ నేర్పిన పాఠం

ఏరివేత ఎందుకంత ముఖ్యమో తెలుగువాళ్లకు చెప్పడానికి 2018 ఫిబ్రవరిని మించిన ఉదాహరణ లేదు. ఐఫోన్‌కు ఒక తెలుగు అక్షరం పంపితే మెసేజ్ యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఏకంగా హోం స్క్రీనే కుప్పకూలేది. ప్రపంచమంతా ‘తెలుగు అక్షరం ఐఫోన్‌ను చంపేస్తోంది’ అని వార్తలు రాసింది. ఆ అక్షరం ‘జ్ఞా’.

మరి ‘జ్ఞానం’ అని రాస్తే ఫోన్లు ఎందుకు పోలేదు? ‘విజ్ఞాన్’ పేరుతో విద్యాసంస్థలున్న గుంటూరు జిల్లాలో ఐఫోన్లన్నీ ఆ వారం మూగబోయి ఉండాలి కదా. కారణం, వైరల్ అయిన ఆ ముక్కలో కంటికి కనిపించని ఇంకో గుర్తు ఉంది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఒక అదృశ్య విడదీత గుర్తు, చివర దీర్ఘం. మొత్తం ఐదు సంకేతాలు. ఈ అదృశ్య గుర్తు మనకు పరాయిదేమీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘ట’ కింద ‘వ’ ఒత్తుగా చేరకుండా ఆపేది ఇదే. దాన్ని దీర్ఘానికి ముందు పెట్టడం మాత్రం మామూలుగా ఎవరూ చేయరు.

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్ అనే ఇంజినీరు ఈ ముక్కను విడదీసి, అక్షరాలు మార్చి మార్చి పరీక్షించారు. తేలింది ఏమిటంటే, అది ఒక్క ‘జ్ఞా’ గొడవే కాదు, ఒక్క తెలుగు గొడవ కూడా కాదు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా అదే తరహా కూర్పులు ఐఫోన్‌ను కూల్చగలవు. ‘తెలుగు అక్షరంతో సమస్య’ అనే పుకారు స్థాయి మాట, ‘ఈ రకం హల్లు, పొల్లు, ఈ రకం హల్లు, ఈ గుర్తు, ఈ రకం అచ్చు వరసగా వస్తే కూలుతుంది’ అనే సూత్రంగా మారింది. ట్రయాజ్‌లో ‘తగ్గించుకుంటూ పోవడం’ అంటే ఇదే. ఆపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దీన్ని సరిచేసింది.

గమనించండి, ఆపిల్ లాంటి మూసి ఉన్న వ్యవస్థలో కూడా బయటి మనిషి ఇంత పని చేయగలిగారు. ఓపెన్ సోర్స్‌లో అయితే ఆ విశ్లేషణ సూటిగా ట్రాకర్‌లోకి వెళ్తుంది, ఎవరు చదివారో, ఏమన్నారో మీకు కనిపిస్తుంది.

మన జిల్లాల నుంచి ఏం సాయం చేయగలం?

అక్షరాల సంగతి ఒక్కటే కాదు. స్థానికులు తప్ప ఇంకెవరూ ధ్రువీకరించలేని బగ్‌లు చాలా ఉంటాయి.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. చిలకలూరిపేట గుంటూరు నుంచి పల్నాడుకు, పర్చూరు ప్రకాశం నుంచి బాపట్లకు వెళ్లాయి. ఆ తర్వాత కూడా మార్పులు ఆగలేదు. ఏదో ఓపెన్ సోర్స్ ఫారంలో పాత 13 జిల్లాల జాబితాయే ఉందని ఎవరో ఒక్క వాక్యం రాస్తే, జర్మనీలో ఉన్న నిర్వాహకుడికి అది నిజమో కాదో తెలియదు. నరసరావుపేటలో ఉన్న మీకు ఒక్క నిమిషం పని. ‘నిజమే, ఫలానా తేదీ నుంచి మారింది, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో కొత్త కోడ్‌లు ఇవీ’ అని జతచేస్తే ఆ రిపోర్టుకు కాళ్లొస్తాయి.

పేర్లు ఇంకో తలనొప్పి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ చాలాసార్లు పొడి అక్షరంగా. ఫారం ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని అడుగుతుంది, లాస్ట్ నేమ్‌లో ఒక్క అక్షరమే ఉంటే తీసుకోనంటుంది. దీని మీద వచ్చిన ఫిర్యాదును మన పద్ధతి తెలియని ట్రయాజర్ ‘వాడేవారి పొరపాటు’ అని మూసేసే ప్రమాదం ఉంది. అది పొరపాటు కాదని, కోట్లమంది పేర్లు అలాగే ఉంటాయని చెప్పడానికి ఆ చర్చలో ఒక తెలుగు మనిషి ఉండాలి. చవక ఫోన్లు, మధ్యమధ్య తెగిపోయే సిగ్నల్, మధ్యాహ్నం ఎండలో కనిపించని తెర రంగులు... పొలం గట్టు మీద యాప్ వాడేవాళ్ల ఇబ్బందులు బెర్లిన్‌లోనో బెంగళూరులోనో ఆఫీసులో కూర్చుంటే రావు.

తెలుగులో ఈ సంప్రదాయం కొత్తదీ కాదు. హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్స్‌ను తెచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను కూడగట్టింది. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది. దాని వెనక ఉన్న సాఫ్ట్‌వేర్‌లో తెలుగుకు సంబంధించిన తప్పులు వస్తే వికీమీడియా వారి ఫాబ్రికేటర్ అనే ట్రాకర్‌లో నమోదవుతాయి, అక్కడ ఏరివేతకు ప్రత్యేక హోదా అక్కర్లేదు. ఇంకా తేలిగ్గా మొదలుపెట్టాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. పటంలో ‘ఇక్కడ తప్పుంది’ అని పెట్టిన నోట్లు మీ ఊరి చుట్టూ ఎన్ని ఉన్నాయో చూసి, నిజమో కాదో తేల్చి మూసేయొచ్చు. బండి మీద ఇంటికి వెళ్తూ దారిలో చూసుకోగలిగిన ట్రయాజ్ ఇదొక్కటే.

మరి ప్రభుత్వ యాప్‌ల సంగతి?

ఇక్కడ కథ మారుతుంది. కాగితం మీద చూస్తే మన దేశ విధానం బాగానే ఉంది. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కే తొలి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. వాడకపోతే కారణం చూపాలి. అదే ఏడాది, ప్రభుత్వం తయారుచేయించుకున్న యాప్‌ల కోడ్‌ను తెరిచి, కలిసి అభివృద్ధి చేసే విధానం కూడా వచ్చింది. అందుకోసం ‘ఓపెన్‌ఫోర్జ్’ అనే వేదిక పెట్టారు.

ఆచరణలో మనం రోజూ వాడే ప్రభుత్వ యాప్‌లలో చాలావాటికి ప్రజలు చూడగలిగే బగ్ జాబితా లేదు. ప్లే స్టోర్ రివ్యూలే దిక్కు. అక్కడ ఫిర్యాదుకు నంబరు ఉండదు, స్థితి ఉండదు, డూప్లికేట్లు కలపడం ఉండదు. పక్క ఊరి రైతుకు కూడా ఇదే సమస్య వచ్చిందని మీకు తెలిసే మార్గం లేదు. 2025-26 పత్తి సీజన్‌లో నమోదు దగ్గర, ఓటీపీ దగ్గర, భూమి వివరాల దగ్గర రైతులు ఇబ్బంది పడ్డారని రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వార్తలు వచ్చాయి. వాటిలో ఏది యాప్ తప్పు, ఏది రికార్డుల తప్పు, ఏది సిగ్నల్ సమస్య? వేరుచేసి చెప్పే బహిరంగ జాబితా ఒకటి ఉంటే ఎవరిని అడగాలో రైతుకు తెలిసేది. యాప్ తప్పయితే దాన్ని తయారుచేసినవారిని, ఈ-పంటలో తప్పు పడితే రైతు సేవా కేంద్రాన్ని, ఆధార్‌లో పాత ఫోన్ నంబరు ఉంటే ఆధార్ కేంద్రాన్ని. అలా వేరుపడక, అందరూ ఒకరి మీద ఒకరు చెప్పుకొంటూ పోతే తిరిగేది రైతే.

తెరిచిన ఉదాహరణలు లేకపోలేదు. 2010 దశకం మధ్యలో రాష్ట్రంలోని వందకు పైగా పట్టణ స్థానిక సంస్థల్లో పన్నులు, ఫిర్యాదుల వ్యవస్థ ఈగవ్స్ ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్ మీదికి మారింది. నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని 2003లో స్థాపించిన సంస్థ ఇది. ఆ సంస్థ ఇప్పటి వేదిక ‘డిజిట్’ కోడ్‌ను గిట్‌హబ్‌లో ఎవరైనా చూడొచ్చు. అయితే ఒక చిక్కు: కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన మీ మున్సిపాలిటీలో కనిపించిన తప్పు ఆ కోడ్‌దే కాకపోవచ్చు. ఇక్కడ అమర్చడంలో, స్థానిక వివరాలు ఎక్కించడంలో జరిగింది కావచ్చు. ఏది ఎక్కడిదో విడదీయడం మళ్లీ ట్రయాజే.

ఆరోగ్య సేతు గుర్తుందా? 2020 మే 26న దాని ఆండ్రాయిడ్ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టారు, లోపాలు చూపినవారికి లక్ష రూపాయల దాకా బహుమతి ప్రకటించారు. సర్వర్ కోడ్ కోసం నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. కోడ్‌ను బయట పెట్టడం ఒక్కరోజు పని, విలేకరుల సమావేశంతో అయిపోతుంది. వచ్చిన రిపోర్టులు చదివి, ఏరి, జవాబివ్వడం రోజూ పని. దానికి మనుషులను పెట్టకుండా కోడ్ ఒక్కటే తెరిస్తే, కౌంటర్‌లో మనిషి లేని విచారణ కిటికీ తెరిచినట్టే.

మొదలుపెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ట్రాకర్లలో భాష ఇంగ్లిషే. కానీ సాహిత్యం అక్కర్లేదు. ‘ఇది చేశాను, ఇది వస్తుందనుకున్నాను, ఇది వచ్చింది’ అనే మూడు చిన్న వాక్యాలు చాలు. తెలుగు మాట ఉంటే తెలుగు లిపిలోనే అతికించి, పక్కన స్క్రీన్‌షాట్ పెట్టండి.

ఏఐతో రిపోర్టులు రాయించడం మాత్రం వద్దు. ఈ రంగంలో ప్రస్తుతం నడుస్తున్న పెద్ద గొడవ ఇదే. ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చే ‘కర్ల్’ అనే ఉపకరణం కోట్లాది పరికరాల్లో ఉంది. చాట్‌బాట్లు అల్లిన, చూడ్డానికి పాండిత్యంగా ఉండి లోపల ఏమీ లేని భద్రతా రిపోర్టులతో విసిగిపోయామని దాని నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 2025లో బహిరంగంగానే చెప్పారు. చివరికి 2026 జనవరి ఆఖరుతో బగ్‌లకు నగదు బహుమతి ఇవ్వడమే ఆపేశారు. తాలు ఎక్కువైతే కొనేవాడు బస్తా విప్పి చూడటం కూడా మానేస్తాడు.

మన దేశానికి ఇందులో ఒక పాత మచ్చ ఉంది. 2020 అక్టోబరులో ‘హ్యాక్టోబర్‌ఫెస్ట్’ అనే కార్యక్రమంలో నాలుగు మార్పులు పంపితే ఉచిత టీషర్టు అన్నారు. ఒక యూట్యూబ్ వీడియో చూసి వేలమంది విద్యార్థులు ‘అద్భుతమైన ప్రాజెక్ట్’ అనే పనికిరాని వాక్యం చేర్చి పంపారు. నిర్వాహకులు గగ్గోలు పెట్టారు, నిబంధనలు మారాయి. రెజ్యూమెలో ఒక వరస కోసం ఈ పనికి వెళ్తే జరిగేది అదే. నిజాయతీగా చేస్తే లాభం ఉంది, కాకపోతే నెమ్మదిగా వస్తుంది. మీరు రాసిన ప్రతి వ్యాఖ్యా మీ పేరుతో బహిరంగంగా ఉంటుంది, ఇంటర్వ్యూ చేసేవారు చదువుకోవచ్చు. జీతం రాదు. ఆ సంగతి ముందే తెలిసి దిగడం మంచిది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇతరుల వివరాలు బయటపడే భద్రతా లోపం కనిపిస్తే దాన్ని బహిరంగ ట్రాకర్‌లో రాయకండి. ప్రతి పెద్ద ప్రాజెక్టుకూ వేరే రహస్య చిరునామా ఉంటుంది. మన దేశంలో సెర్ట్-ఇన్ సంస్థకు తెలియజేయొచ్చు. ప్రభుత్వ సర్వర్‌లోకి ‘ఊరికే చూద్దాం’ అని చొరబడి పరీక్షించడం సాయం కిందికి రాదు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద అనుమతి లేని ప్రవేశానికి మూడేళ్ల దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మీ ఉద్దేశం మంచిదని కోర్టులో నిరూపించుకోవడం మీ ఖర్చు.

ప్రభుత్వ యాప్‌లో బగ్ కనిపిస్తే ఈలోపు ఏం చేయాలి?

జాబితా లేకపోయినా పద్ధతి మన చేతిలో ఉంది. రాష్ట్ర సేవలకైతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక, 1100 కాల్ సెంటర్ ఉన్నాయి. కేంద్ర సంస్థలకు, అంటే సీసీఐ లాంటివాటికి, సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది. అక్కడ ఫిర్యాదుకు నంబరు ఇస్తారు, 21 రోజుల్లో తేల్చాలన్నది 2024లో పెట్టుకున్న గడువు. రెండు చోట్లా మీ అర్జీని మనిషే చదివి ఏ శాఖకు పంపాలో ఏరుతాడు. ఆయన పని తేలిక చేయండి.

‘యాప్ పనిచేయట్లేదు, రైతులను ఆదుకోండి’ అని రాస్తే ఆ అర్జీ మూడు శాఖలు తిరిగి మూతపడొచ్చు. ఇలా రాసి చూడండి: ‘నవంబరు 12 ఉదయం 10.05. ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11, యాప్ వెర్షన్ ఇది. జిల్లా పల్నాడు అని ఎంచుకున్నాక మండలాల జాబితా ఖాళీగా వస్తోంది. మూడుసార్లు ప్రయత్నించాం. మరో ఫోన్‌లోనూ అంతే. గుంటూరు ఎంచుకుంటే జాబితా వస్తోంది.’ ఇది ఊహించి రాసిన ఉదాహరణే. కానీ ఇందులో ఆఖరి వాక్యం చూడండి, తప్పు ఎక్కడుందో అదే వేలుపెట్టి చూపిస్తోంది.

స్క్రీన్‌షాట్ జతచేసే ముందు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ కనిపించకుండా చెరిపేయండి. ఊళ్లో ఇరవై మందికి ఇదే సమస్య ఉంటే ఇరవై మంది ఇరవై రకాలుగా రాయకుండా, ఒకే వివరణ కింద ఇరవై మంది ఫోన్ మోడళ్లు, తేదీలు చేర్చి రైతు సేవా కేంద్రంలో ఒక ప్రతి, పోర్టల్‌లో ఒక ప్రతి ఇవ్వండి. ఫిర్యాదు నంబరు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే ప్రస్తావిస్తారు.